దారిలో దొరికిన పిల్ల

నరసన్నపేటలో బట్టల కొట్టు నడిపిన సీతారామారావుకి డెబ్బై ఏళ్లు. కొట్టు మూసేశాక రెండేళ్లుగా తమ వంశచరిత్ర రాస్తున్నాడు. అందులో ఆయన మురిసిపోయే పేజీ తాత నరసింగరావుది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలోని రంగం (రంగూన్) మీద బాంబులు పడితే, అక్కడ పనికెళ్లిన తాత కాలినడకన కొండలు దాటి వచ్చాడు. దారిలో ఏడుస్తున్న నాలుగేళ్ల అనాథని చంకనేసుకొచ్చి అన్నం పెట్టాడు. ఆ పిల్లే గున్నమ్మ. ఎనభై దాటినా ఆ ఇంటి పెరటి గదిలోనే ఉంటోంది. సీతారామారావుని ఎత్తుకు పెంచింది ఆవిడే. ఆయన మాత్రం ఇప్పటికీ "ఒసే గున్నా, మంచినీళ్లు" అంటాడు.

కూతురు భరణి విజయనగరంలో లెక్చరర్. "పుస్తకం కోసం మనం డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటున్నాం కదా నాన్నా, గున్నమ్మకీ చేయిద్దాం. పాపం, వాళ్లవాళ్లెవరైనా దొరుకుతారేమో" అంది.

"ఉమ్మితే సుట్టాలొస్తారేటే?" అని నవ్వుతూనే గున్నమ్మ గొట్టంలో ఉమ్మింది.

నెలన్నరకి ఫలితం వచ్చింది. గున్నమ్మకి దగ్గరి చుట్టాలు దొరికారు. మొదటి పేరు సీతారామారావు, రెండోది భరణి.

పరీక్షే తప్పన్నాడాయన. అయినా మనసాగక అటక మీది తాత ట్రంకుపెట్టె దింపించి కాగితాలన్నీ తిరగేశాడు. అడుగున శరణార్థుల శిబిరంలో ఇచ్చిన చీటీ కనిపించింది. "నరసింగరావు. వెంట కూతురు, నాలుగేళ్లు."

పెరట్లో చింతపిక్కలు తీస్తున్న గున్నమ్మకి చదివి వినిపించాడు. ఆవిడ చెయ్యి ఆగలేదు.

"నాకు తెల్దేటి బాబూ? మాయమ్మ రంగంలోనే సచ్చిపోనాది. ఈ ఇంటికొచ్చిన రోజు 'నాన్నా' అంటే మీ నాయినమ్మ మూతి మీద కొట్టినాది. మరెప్పుడూ పిలవనేదు."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవులడిగినారు?"

సీతారామారావు తల దించుకున్నాడు. సొంత మేనత్త. ఆవిడ చేత కాళ్లు పట్టించుకున్నాడు, ఎంగిలి కంచాలు తీయించాడు, పాత చీరలిచ్చి నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు. పుస్తకం విడుదలనాడు అందరి ముందూ నిజం చెప్పేస్తానని భరణికి మాటిచ్చాడు.

ఆ రోజు మండపం నిండా బంధువులే. ముందు వరసలో వియ్యాలవారు, ఆఖరి వరసలో గున్నమ్మ. బొబ్బిలి నుంచి వచ్చిన తమ్ముడు గణపతిరావు మైకు చేతికిచ్చి, "తాత అనాథని తెచ్చిన కథ చెప్పన్నయ్యా, పిల్లలు వింటారు" అన్నాడు.

సీతారామారావు వియ్యంకుడి మొహం చూశాడు. నోటికి వచ్చింది ఆ పాత కథే. చప్పట్లు మోగాయి. భరణి లేచి బయటికి వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే గున్నమ్మ దగ్గరికి వెళ్లి, "తప్పయిపోయింది, అత్తా" అన్నాడు.

"నువ్వూ మీ తాత నాగే సెప్పీసినావు బాబూ," అందావిడ. నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పోయినవాళ్ల పరువు తీస్తావా?" అని గణపతిరావు పెట్టేశాడు. సీతారామారావు ఇంకొకరికి చేశాడు. ఆ తర్వాత ఇంకొకరికి. ప్రతిసారీ "మా అత్త" అన్న మాట ఒత్తి చెప్పాడు. మధ్యాహ్నానికి సగంమంది బంధువులకి తెలిసింది.

భోజనాల వేళ గున్నమ్మ ఎప్పటిలాగే పెరటి గట్టు మీద కూర్చుంది.

"లోపలికి రా అత్తా, బల్ల దగ్గర తిందాం."

"ఈ వయసులో నాకు కుర్సీలేటి బాబూ? నువ్వెళ్లి తిను, సల్లారిపోతాది."

పక్కన కూర్చోవాలనే అనుకున్నాడు. ఏ మొహంతో కూర్చోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.