హెలెన్ వదిన విశ్రాంతి కార్డు

నా నోరు మంచిది కాదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు యాభై రెండేళ్ళు పట్టింది. రామచంద్రపురంలో మిగతావాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు. చేతులు మాత్రం మంచివి. చీపురుపుల్లకి సన్నటి రంగు కాగితం చుట్టి గులాబీ చేస్తాను. పాత శుభలేఖల బంగారు అంచులు కత్తిరించి అట్ట చుట్టూ అంటించానంటే, ఇది కొట్లో కొన్నది కాదంటే ఎవరూ నమ్మరు. క్రిస్మస్‌కైనా, పుట్టినరోజుకైనా, బాప్తిస్మానికైనా మా చర్చిలో ఎవరికి కార్డు కావాలన్నా "సత్యకుమారిగారూ" అంటూ మా గుమ్మంలోకే వస్తారు.

మా ఆయన ఏసురాజు అక్కగారు హెలెన్ వదిన. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఆరేళ్ళు తెలుగు టీచరు. చేతిలో ఎర్ర పెన్ను లేకుండా ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముందు అందులో తప్పులు దిద్ది, తర్వాత పెళ్ళెప్పుడో చూస్తుంది. కాని అబద్ధమెందుకు చెప్పాలి, నేను కాపరానికి వచ్చినప్పుడు నాకు చేపల పులుసు పెట్టడం నేర్పింది ఆవిడే. నా ఇద్దరు పిల్లలకీ నెలల పిల్లలప్పుడు కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసింది కూడా ఆవిడే.

మూడేళ్ళ కిందట ఆవిడ పుట్టినరోజుకి ఎనిమిది రోజులు కూర్చుని కాగితపు చుట్టలతో నెమలి కార్డు చేశాను. చుట్టాలందరి ముందూ చేతికిచ్చాను. ఆవిడ నెమలిని చూడలేదు. పెన్ను మూత తీసింది.

"హార్దికలో 'ద'కి ఒత్తు పెట్టావు. శుభాకాంక్షల్లో 'బ'కి ఒత్తు మానేశావు. ఆ ఒత్తు తీసి ఇక్కడ పెడితే రెండూ సరిపోయేవి కదమ్మా!" అని, కింద పదికి ఆరు మార్కులు వేసి కార్డు నా చేతికే తిరిగి ఇచ్చింది.

అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "పిల్లల్లేనివాళ్ళకి ప్రేమగా ఇచ్చిందేదో, పరీక్ష పేపరేదో ఎలా తెలుస్తుంది లెండి!" అనేశాను.

నవ్వులు ఆగిపోయాయి. వదిన పెన్ను మూత పెట్టుకుంది. అంతే. తిట్టినా బాగుండేది. ఆ మర్నాటి నుంచి నేను వాళ్ళింటి గడప తొక్కలేదు. సత్యకుమారికి కోపం అనుకున్నారు ఊళ్ళో వాళ్ళు. కోపమా నా బొందా! సిగ్గు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? చర్చిలో ఆవిడ కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు. మధ్యలో మా ఆయన మూడేళ్ళపాటు ఆ ఇంటికీ ఈ ఇంటికీ కూర గిన్నెలు మోశాడు.

ఇదిగో, మొన్న ఆవిడ రిటైరైంది. సాయంత్రం స్కూల్లో సన్మానం. నేను వెళ్ళలేదు. కాని ఒక కార్డు చేసి, మర్నాడు పొద్దున్నే పంపాలనుకున్నాను. అది చూసి వదిన నన్ను ఒక్కసారి పిలిస్తే చాలు, వెళ్ళి కాళ్ళ మీద పడదామనే నిర్ణయించుకున్నాను. పిలవకపోతే ఇక ఈ జన్మకింతే.

కార్డు మీద ఏం రాయాలన్నదే సమస్య. 'పదవీ విరమణ శుభాకాంక్షలు' అని మొదలుపెట్టబోయి ఆగాను. 'విరమణ'లో 'వి' పొట్టిదా పొడుగుదా? చివర 'న'యా 'ణ'యా? పైగా శుభాకాంక్షల జోలికి మళ్ళీ వెళ్ళే ధైర్యం ఈ జన్మలో లేదు. తప్పు దొర్లడానికి వీల్లేని మాటలు కావాలి. చిన్నప్పట్నుంచీ చర్చిలో చూస్తున్నవైతే భయం లేదనుకున్నాను. రిటైర్మెంటంటే విశ్రాంతే కదా. మా చర్చివాళ్ళం ఉత్తరం రాసినా, శుభలేఖ వేసినా ముందు 'ప్రభువునందు' అంటాం కదా. రెండూ కలిపాను.

నల్ల అట్ట తీసుకున్నాను, బంగారు అంచు దాని మీదే బాగా కనిపిస్తుంది. మధ్యలో వదిన ఫొటో, చుట్టూ తెల్ల కాగితంతో లిల్లీ పువ్వులు. ఫొటో కింద కత్తిరించిన అక్షరాలతో 'హెలెన్ టీచరుగారికి ప్రభువునందు విశ్రాంతి' అని అంటించాను. దాని కింద ఉద్యోగంలో చేరిన తేదీ, గీత, దిగిన తేదీ. ప్రతి అక్షరం బైబిల్లో చూసి సరిచూసుకున్నాను. లోపల 'తప్పు నాదే' అని రాద్దామని నాలుగుసార్లు పెన్ను పట్టుకున్నాను. పౌరుషం అడ్డొచ్చింది. పిలిస్తే నోటితోనే చెబుదాంలే అని ఖాళీగా వదిలేశాను.

పొద్దున్న ఏడింటికి కార్డు మా ఆయనకిచ్చి పంపాను. ఆయన కవరు కూడా విప్పలేదు, మహానుభావుడు. పంపేముందు ఫొటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాను. మరి అంత కష్టపడ్డాక నలుగురూ చూడొద్దా? ఇంతలో ఫోను ఆరిపోతే చార్జింగులో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. వదిన పిలుస్తుందేమోనని చెవులు మాత్రం వీధి గుమ్మం వైపే ఉన్నాయి.

పదింటికి చేపల చిట్టెమ్మ తట్ట దింపి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇయ్యాల చేపలు కొంటారనుకోలేదండి అమ్మగోరూ. మీరింకా ఇక్కడే ఉన్నారేంటండి?"

"ఎక్కడుండాలే?"

"అదేంటండీ! మీ ఆడబడుచుగోరు, టీచరమ్మగోరు పోయారంట కదండీ. ఆ ఈదంతా జనమేనండి. పూలదండలట్టుకుని వత్తన్నారు."

నా చేతిలో గరిటె కింద పడిపోయింది. నిన్న సాయంత్రం శాలువా కప్పించుకున్న మనిషి! కార్డు చూసి పోయిందా, చూడకుండా పోయిందా? చూసినా అందులో ఏముంది, లోపల ఖాళీ! నాలుగు అక్షరాలు రాయడానికి నాకేం రోగం వచ్చింది? చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఆ జనం మధ్యలోంచి వెళ్ళలేక వెనక సందులోంచి పెరట్లోకి దూరాను.

పడకగదిలో మంచం మీద వదిన. మొహం నిండా నిన్నటి సన్మానం శాలువా కప్పి ఉంది. పక్కన ఒక్కళ్ళూ లేరు. నేను ఆ కాళ్ళు రెండూ పట్టుకుని ఘొల్లుమన్నాను.

"వదినా! తప్పు నాదే వదినా! పిల్లల్లేనివాళ్ళన్నాను. నా పిల్లలకి నీళ్ళు పోసిన చేతుల్ని అంత మాటన్నాను. నా నోరు పడిపోను! మూడేళ్ళు మొహం చెల్లక రాలేదు వదినా. ఒక్కసారి పిలుస్తారని పొద్దున్నించీ గుమ్మం వైపే చూస్తున్నాను. అయ్యో, కాళ్ళు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, ఇంకో పది నిమిషాలు ముందొస్తే..."

"కాళ్ళు వదులు, చక్కిలిగింతలు పుడుతున్నాయి," అంది శాలువా.

నేను కెవ్వున కేకేసి వెనక్కి పడ్డాను. వదిన శాలువా తీసి లేచి కూర్చుంది. నుదుటి నిండా తలనొప్పి మందు.

ఏడుపు ఎటు పోయిందో గాని కోపం మాత్రం తన్నుకుంటూ వచ్చింది. "బతికుండి పలకరేంటండీ! నా ఏడుపంతా వింటూ పడుకున్నారా?"

"మూడేళ్ళుగా విందామనుకున్న మాటలే కదా. మధ్యలో ఎందుకు ఆపుతాను?" అంటూ ఆవిడ తలగడ కింద నుంచి నా కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది చదువు. పైకే చదువు."

"హెలెన్ టీచరుగారికి ప్రభువునందు..." అంతవరకే చదవగలిగాను. నల్ల అట్ట, తెల్ల లిల్లీలు, ఫొటో, కింద రెండు తేదీలు. రెండో తేదీ నిన్నటిది. మా సమాధుల తోటలో ఎన్ని రాళ్ళ మీద చదివుంటాను ఈ మాటలు! అతికించేటప్పుడు ఒక్క రాయీ గుర్తుకు రాలేదు.

"మన చర్చిలో బేబి లేదూ, నీ స్టేటస్ చూసి చర్చి గ్రూపులో పెట్టింది," అంది వదిన. "సొంత మరదలే పెట్టిందంటే ఇక అనుమానమేముంటుంది? ఎనిమిదిన్నరకి మొదటి దండ వచ్చింది. తలుపు తీసి నేను కనబడేసరికి, తెచ్చినావిడ అక్కడే కూలబడిపోయింది. ఇప్పటికి నాలుగు జట్లకి నేను బతికున్నానని చెప్పాను. బీపీ పెరిగి వచ్చి పడుకున్నాను. అవతల మీ ఆయన చెబుతున్నాడు. నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశాడో!"

నిజమే, ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినబడుతోంది. "లేదండి, బాగానే ఉన్నారండి, కార్డులో పొరపాటండి," అని బతిమాలుతున్నాడు. "మరి పాస్టరుగారు బయల్దేరిపోయారండీ!" అని బేబి గొంతు.

"ఒక్క అక్షరం తప్పు లేదు," అంది వదిన కార్డు వైపు చూస్తూ. "ముప్పై ఆరేళ్ళలో ఎంతోమంది పేపర్లు దిద్దాను. ఒక్క తప్పూ లేకుండా మనిషిని చంపినదానివి నువ్వొక్కదానివే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదినకి ముందు నవ్వొచ్చింది. మంచం ఊగేలా నవ్వింది. నేనూ నేల మీద కూర్చునే నవ్వాను. అవతల జనం నిశ్శబ్దమైపోయారు. లోపల ఎవరో శోకాలు పెడుతున్నారనుకున్నారేమో.

నవ్వు ఆగాక, "వదినా, ఆ వేళ నేనన్న మాట..." అన్నాను. కాళ్ళు పట్టుకుని గడగడా చెప్పేసిన మాటే, ఆవిడ కళ్ళలోకి చూసి చెప్పబోయి తల దించేసుకున్నాను.

"పిల్లల్లేరన్నది నిజమే కదే. ఆ ఏడుపు నీ పెళ్ళికి ముందే ఏడ్చేశాను. మార్కులు వేయడం నాదీ తప్పే, ఎనిమిది రోజుల కష్టానికి పదికి ఆరేంటి? కాని నువ్వు రావడం మానేశావు చూడు..." వదిన కళ్ళజోడు తీసి శాలువా అంచుతో తుడుచుకుంది. "ఇవాళ ఊరంతా వచ్చి నేనెంత మంచిదాన్నో చెప్పారు. నేను వేసిన దెబ్బల వల్లే తన కొడుక్కి ఉద్యోగమొచ్చిందని బేబి ఒకటే ఏడుపు. ఏదీ చెవికెక్కలేదు. ఇంతమందిలో సత్య ఏదీ, నేను పోయానన్నా రాలేదా, అని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

నేను లేచి ఆవిడ పక్కన మంచం మీద కూర్చున్నాను. "తప్పు నాదే వదినా," అన్నాను. ఈసారి మొహం చూసే చెప్పాను.

వదిన కళ్ళజోడు పెట్టుకుని నా మట్టి కాళ్ళ వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "నేను నిజంగా పోయినప్పుడు కూడా ఇలాగే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తావా?"

"పోయాక ఎవరైనా వస్తారండీ," అన్నాను. "నేను రేపొస్తాను. ఎల్లుండి కూడా వస్తాను."

"అయితే పెందరాళే రా," అంది వదిన. "ఇడ్లీ వేస్తాను."