వాయవ్యం వెలుతురు

పెద్దాయన సంచిని గేటు దగ్గర తెరిపించారు. ఇరవై రెండేళ్లు గని కంపెనీ పటాల గదిలో కళ్లు అరగదీసుకున్న మనిషి. ఆయన అన్నం డబ్బా మూత కూడా తీయించి, అడుగున ఏమన్నా దాచాడేమోనని కాపలావాడు చెంచాతో కెలికి చూశాడు. రెండో అంతస్తు కిటికీలోంచి పదకొండు మంది ఆ తతంగమంతా చూశారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. మూగవాళ్లేం కాదు, టీ తాగేటప్పుడు ఒక్కొక్కరి నోరూ ఊరంత. కింద మేనేజరు వెనక్కి తిరగ్గానే పదకొండు తలలూ కంప్యూటరు తెరల్లోకి దూరిపోయాయి. అందులో ఒక తల కొత్తమ్మాయిది. చేరి మూడేళ్లు దాటినా ఆ గదిలో ఆమె ఇంకా కొత్తమ్మాయే.

పెద్దాయన చేసిన నేరం ఒక గీతను చెరపననడం, అంతే.

గని తవ్వగా వచ్చిన మట్టిని కంపెనీ ఏళ్ల తరబడి ఒకేచోట పోస్తోంది. దాన్ని డంపు అంటారు. పేరుకే డంపు, ఇప్పుడది పెద్ద గుట్ట. దాని కిందే గని కూలీల లైన్లు, వరసకి ముప్ఫై ఇళ్లు. ఆ డంపు మీద ఇంకో అంతస్తు లేపడానికి అనుమతి కావాలి, అనుమతికి పటం కావాలి. విమానం పైనుంచి ఎగిరి మూర మూరకీ నేల ఎత్తు కొలిచి అంకెలు తెస్తుంది. పటాల గదిలో కంప్యూటరు ఆ అంకెల మీద ఒక ఉత్తుత్తి సూర్యుణ్ణి నిలబెడుతుంది. వెలుతురు పడిన వైపు తెలుపు, పడని వైపు నలుపు. దాంతో చదును కాగితం మీద గుట్టలూ గోతులూ లేచి కూర్చుంటాయి. సూర్యుణ్ణి ఎప్పుడూ పటం ఎడమ పైమూల, వాయవ్యంలోనే పెట్టాలని ఆఫీసు రివాజు. ఎందుకని ఎవరూ అడగలేదు.

అంకెల్లో తప్పులు దొర్లితే వాటిని ఆ గదిలో 'మురికి' అంటారు. రెండు విమాన దారులు కలిసేచోట పడే అతుకు మురికి. పక్షిని నేల అనుకుని కొలిస్తే అదీ మురికే. మురికిని క్లీన్ చెయ్యడం వాళ్ల పనిలో సగం.

"ఇది మురికి. క్లీన్ చెయ్యి," అన్నాడు మేనేజరు ఆ పొద్దున, డంపు భుజం మీది సన్నటి గీతను చూపించి.

"మురికైతే విమానం పోయిన దారినే తిన్నగా పోతుందండి. ఇది డంపు భుజం పట్టుకుని వంగుతోంది. పగులండి ఇది. వానలు పడితే..."

"నిన్ను వానల సంగతి అడిగానా?"

"నా చేత్తో చెరపనండి."

"అయితే నీ చేత్తో మాకు పనే లేదు."

ఫైలు కొత్తమ్మాయి బల్లకొచ్చింది. వాయవ్యం వెలుతురులో ఆ గీత కనీకనపడకుండా ఉంది. ఆమెకది నిజంగానే మురికిలా కనిపించింది. కనిపించిందో, కనిపించాలని కోరుకుందో, ఆ ప్రశ్న తర్వాత ఆమెను చాలా రోజులు పీక్కుతింది. ఉద్యోగం నెలనెలా పొడిగించే రకం, పొడిగించేది మేనేజరు. ఒక్క మీట నొక్కింది. డంపు భుజం నున్నగా అయిపోయింది. "శభాష్," అన్నాడు మేనేజరు. ఆ శభాష్‌కి ఆమె లోపల సంతోషపడింది కూడా. ఆ మాట దాచడం ఎందుకు!

సెలవు రోజున అక్క ఇంటికి వెళ్లింది. అక్క ఉండేది ఆ లైన్లలోనే. బావ టిప్పర్ తోలతాడు. ఆమె లోపలికి వచ్చి తలుపు వెయ్యబోతే పడలేదు.

"రెండు నెలల్నించీ అంతే," అంది అక్క. "మీ బావ చెక్కుతూనే ఉన్నాడు, అది బిగుస్తూనే ఉంది."

"దానికి మీ అక్క వంట బాగా పడింది మరదలా, లావెక్కుతోంది," అన్నాడు బావ. నవ్వి, గొంతు తగ్గించాడు. "పైన కూడా నేల దిగుతోందిలే. మేం బళ్లు తిప్పే చోట. వారానికి రెండు ట్రిప్పులు కంకర పోసి పూడుస్తున్నాం. ఎవరికీ చెప్పొద్దన్నాడు మేస్త్రీ."

"ఏ చోట బావా?"

బావ నీళ్లలో వేలు ముంచి గచ్చు మీద గీశాడు. వేలు తిన్నగా పోయి, చివర వంగింది. ఆమె చెరిపిన గీత అదే. బావ పైన కంకరతో పూడుస్తున్నదాన్నే ఆమె గదిలో కూర్చుని మీటతో పూడ్చింది. ఇద్దరికీ జీతమిచ్చేది ఒక్కడే.

అట్నుంచటే పెద్దాయన ఇంటికి పోయింది.

"ఎందుకొచ్చావు? చెరిపినదానివేగా," అన్నాడాయన గుమ్మంలోనే.

ఆమె ఏడ్చింది. ఏడుపు చూసి కరిగే మనిషి కాదాయన. "ఆ ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఇది చెప్పు. గీత ఎటు పోతోందో వెలుతురూ అటే పోతే నీడ ఎక్కడ పడుతుంది?"

"పడదు."

"మరి? ఆ గీత చాలా మేర వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతోంది. మన సూర్యుడు దాని వెంబడే చూస్తున్నాడు, వాడికేం కనపడుతుంది? ఈశాన్యానికి తిప్పు. బాగా కిందకి దించు. పోయినేడు ఎగిరిన విమానం అంకెలున్నాయి, కొత్తవాటితో పోల్చు. మురికైతే నేల కదలదమ్మా."

మర్నాడు మేనేజరు మీటింగులో ఉన్న గంటలో ఆమె అసలు అంకెలు తెరిచింది. సూర్యుణ్ణి ఈశాన్యానికి తిప్పి, నేలకి దగ్గరగా దించింది. డంపు భుజం మీద నల్లటి గీత పచ్చిగా లేచింది. పాత అంకెలతో పోల్చింది. గీతకి అవతల నేల ఎక్కడిదక్కడే ఉంది. ఇవతల మూరెడు దిగింది. డంపు కాలి దగ్గర, అక్క ఇంటి వెనక, నేల జానెడు ఉబ్బింది. పెద్ద ప్రింటరుకి తాళం ఉంటుంది. హాజరు పట్టీలు తీసే చిన్న ప్రింటర్ మీద పటాన్ని పదహారు ముక్కలుగా తీసి, జాకెట్లో దోపుకుని గేటు దాటింది.

సాయంత్రం టిప్పర్ల షెడ్డులో రెండొందల మంది పోగయ్యారు. పదహారు ముక్కలూ అతికించి నేల మీద పరిచారు. పరిచారో లేదో గొడవ మొదలైంది.

"డంపని చెప్పి గొయ్యి చూపిస్తావేంటమ్మా?" అన్నాడు అటు వైపు కూర్చున్న ముసలి డ్రైవరు.

"కళ్లు పోయాయా మామా? గుట్టే కదా అది!" ఇటు వైపు నుంచి అరిచారు.

"గొయ్యే!"

"గుట్టే!"

"మన బతుకే గొయ్యి, ఇంక బొమ్మతో ఏం పని," అంది మట్టి మోసే ఒకామె, అందరికీ పిన్ని. అంతా ఘొల్లుమన్నారు.

మేస్త్రీ తాలూకు మనిషి ఒకడు వెనకనుంచి అందుకున్నాడు. "గుట్టకీ గొయ్యికీ తేడా తెలియని పిల్ల మాట విని బళ్లు ఆపుతారా?"

గుంపు సందేహంలో పడింది. కొత్తమ్మాయితో పాటు వచ్చిన పెద్దాయన లేచాడు. "అటు కూర్చున్నవాళ్లకి పటం తలకిందులుగా ఉంది. మన కన్ను ఎప్పుడూ వెలుతురు పైనుంచే వస్తుందనుకుంటుంది. కింద నుంచి వస్తే గుట్టని గొయ్యి అనుకుంటుంది. ఇక్కడెవరూ గుడ్డివాళ్లు కారు. లేచి ఇటు రండి, అందరూ ఒక వైపు నిలబడి చూడండి."

ముసలి డ్రైవరు గొణుక్కుంటూ లేచాడు. ఆయన వెనక వంద మంది లేచారు. ఇటొచ్చి, భుజాల మీదుగా తొంగి చూశారు. గొయ్యి గుట్టయింది. గుట్ట భుజం మీద గీత కనిపించింది.

"మేం పూడుస్తున్నది ఇదే," అన్నాడు బావ.

"కంపెనీ పటంలో ఇది లేదు," అంది కొత్తమ్మాయి. చెప్పాల్సింది ఇంకా ఉంది. "లేకుండా చేసింది నేనే. మురికన్నారు, చెరిపేశాను."

అక్క ఆమె వైపు చూసింది. లేచి దగ్గరికొచ్చి, అందరి ముందూ చెంప ఛెళ్లుమనిపించింది. వెనక్కెళ్లి కూర్చుంది.

"సరే, బళ్లు ఆపితే తిండెవడు పెడతాడు?" అన్నాడు ఒక డ్రైవరు.

"నువ్వు పోసే మట్టి మా నెత్తినే పోస్తున్నావురా," అంది పిన్ని.

"నేనూ ఆ లైన్లలోనే ఉంటున్నాను కదే!"

"అయితే నీ నెత్తిన నువ్వే పోసుకుంటున్నావు. ఇంకా గొప్ప!"

అరిచారు, తిట్టుకున్నారు, ఒకరి తప్పులు ఒకరు ఎత్తిపొడుచుకున్నారు. చివరికి చేతులు లేచాయి. ఒక్క బండి పైకెక్కదు. లైన్లు దూరంగా కట్టించాలి. పగులు పటం మీద ఉండి తీరాలి. తెల్లారేసరికి లైన్లకి లైన్లు పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటేసుకుని వెళ్లి గని గేటు ముందు బైఠాయించాయి.

నాలుగో రోజు పొద్దున్నుంచీ వాన. పోలీసుల్ని ముందు పెట్టుకుని కంపెనీ బయటి నుంచి ఎనిమిది మంది డ్రైవర్లను దించింది. బావ ఒక్కడే తడుస్తూ వాళ్ల బళ్ల ముందు డంపెక్కాడు.

"తమ్ముళ్లూ, దిగి మీ కళ్లతో చూడండి. చూశాక కూడా పొయ్యాలనిపిస్తే పొయ్యండి, నేను అడ్డం రాను."

దిగారు, చూశారు. ఏడుగురు బళ్లు అక్కడే వదిలేసి వెనక్కి నడిచారు. ఎనిమిదోవాణ్ణి మేస్త్రీ రెక్క పట్టుకుని లాగేసి, తనే ఎక్కి మట్టి పొయ్యడానికి బండి తొట్టి ఎత్తాడు. వద్దు వద్దని బావ చేతులూపుతూ అటు పరిగెత్తాడు. నేల విరిగింది. మేస్త్రీ దూకి బతికాడు. బండీ బావా మట్టితో పాటు పోయారు. ఐదు వరసల ఇళ్లు పూడుకుపోయాయి. ఆ ఇళ్లలో ఆ పూట ఒక్క ప్రాణి లేదు, సమ్మె పుణ్యమా అని.

మధ్యాహ్నానికే కంపెనీ చెప్పేసింది: వాన నీళ్లు పోయే కాలవలు తియ్యకుండా సమ్మె చేశారు కాబట్టి డంపు కూలింది. కంపెనీ అంకెలు దొంగిలించి జనాన్ని రెచ్చగొట్టిందని కొత్తమ్మాయిని స్టేషన్లో పడేశారు.

"ఏం దొంగిలించావు?" అడిగాడు రాసుకునే పోలీసు.

"మా అక్క ఇంటి మీద ఎంత మట్టుందో, ఆ లెక్క."

అతను రాయలేదు. కలం మూసి పెట్టుకున్నాడు.

మూడో రోజు పొద్దున స్టేషన్ బయట గోల వినిపించింది. కమ్మీల దాకా రానిచ్చింది అక్క ఒక్కదాన్నే. అక్క కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"మీ బావ నిన్న దొరికాడు," అంది. "చేతులు తలకడ్డం పెట్టుకుని ఉన్నాడు."

ఆమె కమ్మీలు పట్టుకుని కూలబడింది. అక్క ఓదార్చలేదు.

"నువ్వు చెరిపావు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

"మర్చిపోవద్దక్కా."

"లే. బయట నీ గదివాళ్లు పదిమందీ వచ్చారు. ఆ గీత మురికేనని సంతకం పెట్టమన్నాడంట మేనేజరు. అందరికంటే ముందు పెట్టనన్నది ఎవరో తెలుసా? దేనికైనా సరేసార్ సరేసార్ అంటాడని నువ్వు నవ్వేదానివే, ఆయన. ఒకరి వెనక ఒకరు లేచి వచ్చేశారు. గేటు దగ్గర సంచులు తెరవమంటే తెరవలేదంట."

అక్క కమ్మీలకి ఇంకా దగ్గరగా జరిగింది.

"గనికి అవతల ఇంకో రెండు డంపులున్నాయి. వాటి కిందా లైన్లున్నాయి. ఆ జనమూ వచ్చారు. అంకెలు మీవాళ్ల దగ్గరున్నాయంట. వెలుతురు ఎటు నుంచి వెయ్యాలో చెప్పు, రాసుకుంటాను."

"టైమైంది, పదమ్మా," అన్నాడు పోలీసు. అక్క కదల్లేదు. కొంగున కట్టుకున్న కాగితమూ పెన్సిలూ తీసింది.

"ఒక వైపు నుంచి కాదక్కా," అంది చెల్లెలు. "అన్ని వైపుల నుంచీ వెయ్యమను."

"వినబడలా! గట్టిగా చెప్పు!" బయట గుంపులోంచి ఎవరో అరిచారు.

ఆమె లేచి నిలబడి, కమ్మీల సందులో మొహం పెట్టి, గొంతు చించుకుని మళ్లీ చెప్పింది.