అచ్చులో మిగలని పోగు

ఏడ్చేవాళ్ళకే తోడు కావాలి, నవ్వేవాళ్ళకెందుకు, అనుకుంటూ నర్సు మేరి ఆదోని బస్సులో సర్దుకుని కూర్చుంది, పొద్దున డాక్టరమ్మతో అన్నదీ అదే, కేన్సరుకు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి మదరాసు పోయే ఆడవాళ్ళిద్దరు, ఆస్పత్రి తోడు పంపగలిగేది ఒక్కరికే, ఎవరు సగంలో వదిలేసి వచ్చేస్తారో చూసుకుని వాళ్ళతో నువ్వు పో అంది డాక్టరమ్మ, సగంలో వదిలితే గడ్డ మళ్ళీ లేస్తుంది, ఇక చేయగలిగిందేమీ ఉండదు, మేరి తడుముకోకుండా ఈరమ్మ పేరు చెప్పింది, దూది మిల్లులో కూలి ఈరమ్మ, వార్డంతా ఎగిరిపడేలా ఏడ్చే ఈరమ్మ, సచ్చిపోతానేమో సిస్టరమ్మా, శ్రావణంలో ఉరుకుంద ఈరన్నకు మొక్కుండాది, ఆలోపల నన్ను ఇడిసిపెడతారా, మా సెల్లెలు జత వస్తానంటాది, రానిస్తారా, అబ్బ, దానికి నోరు మూతపడదు.

రెండో ఆవిడ కస్తూరమ్మకైతే దిగులే లేదు, ఆమెను పిలుచుకొచ్చేందుకు పోయి ఎమ్మిగనూరులో ఆ ఇల్లు చూసి మేరి ముచ్చటపడింది, అలికిన నేల, బోర్లించిన కుండలు, మగ్గం మీద దుమ్మయినా లేదు, ఎంత ధైర్యం ఈ మనిషికి, ఇప్పుడూ ముందు సీటులో పక్కావిడ బిడ్డను ఒళ్ళో వేసుకుని నవ్వుతోంది, వెనక ఆమె మొగుడు సోమన్న గొణుగుడే ఆగడం లేదు, సూడు సిస్టరమ్మా, ఇట్ల యాడన్నా సేస్తారా, సీర కోసినాక మగ్గం అచ్చులో, ఆ దువ్వెన పండ్ల సందుల్లో, పాత పోగుల కొసలు ఇడుస్తాం, కొత్త పడుగు నిలువు దారాలు వాటికే గదా అతికేది, పెండ్లయినప్పట్నించీ అతికేది ఆమే, ఈసారి కొసలన్నీ లాగేసి, అచ్చు దులిపి గోడకు తగిలిచ్చినాది, ఏమే అంటే, ఎవరొస్తే వాళ్ళు కొత్తగా ఎక్కిచ్చుకుంటారులే అంటాది.

ఎవరొస్తే వాళ్ళు, ఎవరొస్తారు, మేరికి నాన్న దేవదాసు గుర్తొచ్చాడు, ఆయనా అంతే, ఆ ఏడు విత్తనానికి దాచిన జొన్నలు ఇరుగుపొరుగుకు పంచేసి నవ్వుతూ కూర్చున్నాడు, ఎంత మంచి మనసో అనుకున్నారు అందరూ, వానలు పడకముందే పోయాడు, కిటికీలో ఆదోని కొండలు దగ్గరవుతున్నాయి, ఈరమ్మ ఏడుస్తూనే శ్రావణం దాకా ఒక కొస పట్టుకుని ఉంది, దానికి చెల్లెలుంది, మొక్కుంది, అది తిట్టుకుంటూనైనా పూర్తిచేసుకుని వస్తుంది, దిగగానే డాక్టరమ్మకు పేరు మార్చి చెప్పాలి, పోవలసింది కస్తూరమ్మతో, ఈమె ఏడవదు, ఏమీ అడగదు, తిరిగి వచ్చే పనే లేదన్నట్టు మగ్గం ఖాళీ చేసి బస్సెక్కింది.