బస్సు నిలిపిన చోటు

పెంటయ్య ఇరవై రెండేళ్లు డర్బన్‌లో టూరిస్టు బస్సు నడిపాడు. ప్రతి గురువారం తెల్లవాళ్లను మిడ్‌లాండ్స్ కొండల్లోకి తీసుకెళ్లేవాడు. వాళ్లు ఒక పాల ఫారం, ఒక మగ్గాల దుకాణం, ఒక పెద్ద పూలతోట చూసుకున్నాక సాయంత్రానికి తిరిగి తెచ్చేవాడు. అతను భారతీయులుండే చాట్స్‌వర్త్ పేటలో ఇల్లు చేరగానే భార్య సావీ టీ ఇచ్చి ఎదురుగా కూర్చునేది.

"ఈయేళ ఏటి సూసినావు?" అని అడిగేది. అతను ఒక్కొక్కటీ చెప్పేవాడు, తోటలోని హంసల కొలనుతో సహా.

సావీకి చక్కెర జబ్బు. నల్లా తెల్లా తేడా లేకుండా దేశమంతా తొలిసారి ఓటు వేసిన ఏడాదే ఆమె ఎడమకన్ను పోయింది. మరుసటి ఏడు ఆగస్టులో, కుడికన్ను కూడా ఎక్కువ కాలం నిలవదని డాక్టరు చెప్పాడు. అప్పటికి పెంటయ్య ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ సావీ, "నీ తోట సూపించయ్యా, కన్నుండగానే," అంది.

సెప్టెంబరులో పెంటయ్య తమ్ముడు చిన్నయ్య కారు అడిగి తీసుకుని బయల్దేరారు. ఎక్కడా తొందరపడలేదు. పాల ఫారంలో ఒక దూడ సావీ చెయ్యంతా నాకేసింది. ఆవిడ నవ్వుతూ అలాగే నిలబడిపోయింది. మగ్గాల దుకాణంలో నేత పని చేస్తున్న జూలూ ఆడమనిషి ఆవిడ వేళ్లు పట్టుకుని నూలు మీద నడిపించింది. సావీ ఒక ఎర్ర శాలువా కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి కొనుక్కుంది.

తోట చేరేసరికి రెండు దాటింది. కొండవాలంతా అజాలియాలు పూసి ఉన్నాయి. సావీ ప్రతి పొద దగ్గరా వంగి చూస్తూ నడిచింది.

"హంసల కొలను ఏదీ?" అంది.

"ముందుంది," అన్నాడు పెంటయ్య.

దారి ఒక ముళ్లకంచె దగ్గర ఆగిపోయింది. ఇంకో దారి పట్టారు. అదీ మొదలుపెట్టిన చోటికే తెచ్చింది. మొక్కలకు నీళ్లు పోస్తున్న ముసలాయన్ని సావీయే అడిగింది.

"హౌ, గోగో, ఇక్కడ కొలను ఎప్పుడూ లేదు. ముప్పై ఏళ్లుగా నేనిక్కడే ఉన్నాను," జూలూలో అవ్వా అని పిలిచి, మిగతాది ఇంగ్లీషులో అన్నాడాయన.

పెంటయ్య దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూర్చున్నాడు. సావీ పక్కన కూర్చుంది.

"నానెప్పుడూ లోనికి రానేదు సావీ. గేటు కాడ బోర్డుండేది, తెల్లోళ్లకేనని. బస్సెక్కినాక ఆళ్లు మాట్లాడుకున్నది ఇని నీకు సెప్పేవోణ్ణి. ఓ వారం ఏటీ దొరక్క హంసలు పెట్టినాను."

ఆవిడ ఉన్నట్టుండి అతని వైపు తిరిగింది.

"మరి నీకు లంచ్ ఇక్కడే పెడతారన్నావు?"

పెంటయ్య మొదటి గురువారం రాత్రి గొప్పకోసం ఆ మాట అన్నాడు. మరుసటి వారం నుంచి గురువారాలు సావీ అతనికి టిఫిన్ కట్టడం మానేసింది. కట్టమని అడగాలంటే అబద్ధం ఒప్పుకోవాలి.

"ఏటి తినేవోడివి?"

"కొళాయి నీళ్లు తాగేవోణ్ణి. ఎప్పుడైనా దారిలో రొట్టె కొనేవోణ్ణి. అలవాటైపోయింది."

"ఇరవై రెండేళ్లు," అంది సావీ. "మిగతా రోజులన్నీ బీన్స్ కూర నింపి బ్రెడ్డు కట్టినాను. గురారం ఒక్కరోజు తీరికని పొద్దెక్కేదాకా పడుకునేదాన్ని. నాతో సెప్పుంటే నాను నవ్వుతానా?"

"నువ్వు నవ్వుతావని కాదు. ఏడుస్తావని."

ఆవిడ లేచింది. "బస్సు ఎక్కడ నిలిపేవోడివి? అక్కడికి తీసికెళ్లు."

"అక్కడేటుంది? ఎలుగు పోతంది. ఆ పైన తెల్లపూలున్నాయి, అవి సూడు."

"తీసికెళ్లు."

గోడ వెనక నీలగిరి చెట్ల కింద ఖాళీ జాగా, పక్కన చెత్తడబ్బాలు, ఒక కొళాయి ఉన్నాయి. ఎక్కడ కూర్చునేవాడో చూపమంది. అతను కొళాయి కింది సిమెంటు గట్టు చూపాడు. సావీ దాని మీద కూర్చుని, తల అటూ ఇటూ తిప్పుతూ ఉన్న ఒక్క కంటితో ఆ గోడనీ, చెట్లనీ, పగుళ్లిచ్చిన నేలనీ తీరిగ్గా చూసింది. కొత్త శాలువాతో కన్ను తుడుచుకుని మళ్లీ చూసింది. గోడకి అవతల జనం పూల దగ్గర ఫొటోలు తీసుకుంటున్న మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గేటు మూసే వేళయిందని ముసలాయన వచ్చి చెప్పేదాకా ఆవిడ లేవలేదు.

జనవరిలో కుడికన్ను కూడా పోయింది. తోటలో పూలు సగమైనా చూపించలేకపోయానని పెంటయ్యకి బాధ. కనీసం వాసన తగులుతుంది, మళ్లీ వెళ్దామని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ సావీ, "ఆ కొళాయి గట్టు సూసినాను, సాలు," అని వద్దంది.