గోపన్న తవ్విన గుంతలు

ఆఫీసరు జీపు ఇంకా రాలేదు. కోడుమూరు దారిన దుమ్ము లేచినప్పుడల్లా పందిట్లో జనం లేచి నిలబడుతున్నారు. వచ్చేది ఎద్దులబండో గొర్రెలమందో అని తేలాక మళ్లీ చతికిలబడుతున్నారు. పందిట్లో ఆడవాళ్ల వైపు, చివరి గుంజకు ఆనుకుని కూర్చున్న కృష్ణవేణమ్మ మాత్రం ఒక్కసారీ లేవలేదు. మరిది సుబ్బయ్య రమ్మంటే వచ్చింది. కూర్చోమన్న చోట కూర్చుంది.

ఆ రోజు ఊళ్లో వనమహోత్సవం. మూడేళ్ల కిందటి కరువులో పశువుల మేతకనీ, పొయ్యి కిందకనీ గుట్ట మీది చెట్లన్నీ నరికేశారు. అప్పటినుంచి వాన పడితే చాలు, గుట్ట మీది మట్టి కొట్టుకొచ్చి చేలల్లో రాళ్లు పరిచిపోయేది. దానికేదైనా చెయ్యాలని పట్టుబట్టినవాడు కృష్ణవేణమ్మ భర్త గోపన్న. పంచాయతీ ప్రెసిడెంటు. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పోగుచేసి, గుట్ట పొడుగునా మొక్కలకు గుంతలు తవ్వించాడు. కూలి లేని పని, అందరిదీ శ్రమదానమే. మిగతావాళ్లు ఎండ ముదరగానే ఇళ్లకు పోయేవాళ్లు. ఆయన పోయేవాడు కాదు. చివరి వరస పూర్తిచేసిన రోజు మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి, నీళ్లు అడిగి, అరుగు మీద పడుకున్నాడు. కృష్ణవేణమ్మ చెంబుతో వచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలుతోంది. పిలిస్తే పలకలేదు. పొద్దుగూకేలోపే పోయాడు. వడదెబ్బ అన్నారు.

అప్పుడూ ఆమె ఏడవలేదు. శవాన్ని ఎత్తినప్పుడూ, గాజులు తీయించినప్పుడూ ఏడవలేదు. 'ఎంత గట్టిగుండెరా నాయనా' అని ఊరు చెవులు కొరుక్కుంది. గట్టిదనమేమీ కాదది. చాలాసేపు మడిచి కూర్చున్న కాలు గిల్లినా తెలియనట్టు, ఆమె మొత్తం అట్లా అయిపోయింది. వంట చేసేది, పేడ తీసేది, ఎవరైనా పలకరిస్తే పలికేది. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలిసేది కాదు.

"అక్కా." పక్కకొచ్చి కూర్చున్న బషీరాబీ గుసగుసగా పిలిచింది. దూదేకుల హుసేన్ వలి భార్య ఆమె. రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ. "మొక్కలు జూడు, ఎట్ల తల వాల్చేసినాయో. తెల్లారి బండి దిగినప్పుడు పచ్చగా ఉండె. నీళ్లు చల్లుతానంటే, ఆఫీసరు వచ్చిందాకా ముట్టొద్దంటాడు మీ మరిది."

కృష్ణవేణమ్మ చూసింది. వేప, కానుగ, చింత మొక్కలు, వేళ్లకు మట్టిముద్దతో సహా ఆకుల్లో చుట్టి కర్నూలు నుంచి తెచ్చినవి, పందిరి బయట ఎండలో వరసలుగా పెట్టి ఉన్నాయి. ఆఫీసరు దిగగానే కనపడాలని అక్కడ పెట్టించాడు సుబ్బయ్య. కానుగల ఆకులు వేలాడిపోయాయి.

ఆమె లేచింది. ఏదో చెయ్యాలని అనుకుని లేవలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించడానికి లేచినట్టు లేచింది. ఒక కానుగ మొక్క తీసుకుని, దారి పక్కనున్న మొదటి గుంత దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, కట్టిన ఆకు విప్పి మొక్కను దించింది. మట్టి లోపలికి లాగి చేత్తో అదిమింది.



"ఏయ్, ఏం జేస్తాండావే?" గోపన్న మేనత్త నాగలక్ష్మమ్మ గొంతు లేచింది. "సుబ్బయ్యా, జూస్తాండావేంరా? శుభమా అని పని మొదలుపెడుతుంటే మొగుడు పోయిన దాని చెయ్యి తగలల్లనా మొదట?"

చేతిలో పూలదండతోనే సుబ్బయ్య పరుగెత్తుకొచ్చాడు. "వదినా, లెయ్. మొదటి మొక్క ఆఫీసరు పెట్టల్ల. అందరూ జూస్తాండారు."

"ఎండిపోతాండాయి గదా."

"అది గాదు వదినా. నువ్వు పెడితే..." అని ఆగిపోయాడు.

"పెడితే ఏమప్పా?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. సుబ్బయ్య దండ వైపు చూసుకున్నాడు. ఆమె రెండో మొక్క తేవడానికి పోయింది. ఆ పాటికి బషీరాబీ కడవ చంకనెత్తుకుని వంకలోని చెలమ నుంచి నీళ్లు తెచ్చింది. మొదటి మొక్కకు పోస్తూ, "మిగతా మొక్కలు ఎండలో అట్లే సావల్లనా?" అని మగవాళ్ల వైపు కేకేసింది. మొదట ఓబన్న అనే ముసలి రైతు తలపాగా బిగించుకుని లేచాడు. తరవాత ఒకరి వెనక ఒకరు లేచారు. నాగలక్ష్మమ్మ మాత్రం మొహం తిప్పుకుని కూర్చుంది. జీపు వచ్చేసరికి కింది వరస నుంచి పైవరస దాకా గుంతలన్నీ నిండిపోయాయి.

ఆఫీసరు వయసులో చిన్నవాడు. వంకలో జీపు దిగబడిందట, చొక్కా అంతా బురద. "అన్నీ నాటేశారా? మంచిపని చేశారు. నాకోసం ఆపి ఉంటే చచ్చిపోయేవి," అన్నాడు.

సుబ్బయ్యకు అది చాల్లేదు. ఫోటో తీసే మనిషి కూడా జీపులో వచ్చాడు. ఊరంతా చూస్తుండగానే సుబ్బయ్య వంగి, దారి పక్కనున్న మొదటి కానుగను పెకలించాడు. "ఇది తమరి చేత్తో పెట్టల్ల సార్," అంటూ అందించాడు. వేళ్లకు తడిమట్టి అంటుకుని ఉంది. ఆఫీసరు ఒక క్షణం దాని వైపు చూసి, కాదనలేక అదే గుంతలో పెట్టాడు. చప్పట్లు కొట్టారు.

బషీరాబీ పళ్లు కొరికింది. కృష్ణవేణమ్మ చూస్తూ నిలబడింది. ఇప్పుడు తనకు కోపం రావాలి అనుకుంది. రాలేదు. తరవాత ఆఫీసరు ఉపన్యాసంలో గోపన్న పేరు చెప్పినప్పుడు జనమంతా ఆమె కళ్లలోకి చూశారు. అక్కడా ఏమీ రాలేదు. కొంగుకు అంటిన మట్టి దులుపుకుని ఇంటికి పోయింది.

ఆ తరవాత వాన మొహం చాటేసింది. మబ్బులు రావడం, గుట్ట మీదుగా దాటిపోవడం. నాగలక్ష్మమ్మ రచ్చబండ దగ్గర కూర్చుని, "నేను ఆ పొద్దే చెప్తిని గదా," అనేది. వినేవాళ్లలో కొందరు తలలూపేవాళ్లు. నీళ్లు పొయ్యడానికి వంతులు వేసుకున్నవాళ్లు మెల్లగా మానేశారు. పైవరసలు ఎండిపోయాయి.

కృష్ణవేణమ్మ మానలేదు. మొక్కల మీద ప్రేమా కాదు, పంతమూ కాదు. ఎట్లాగూ నిద్ర పట్టేది కాదు. కడవ తీసుకుని బయల్దేరితే కాళ్లు గుట్ట వైపే పోయేవి. బషీరాబీ తోడొచ్చేది. దారి పొడుగునా ఆమె తన అత్తగారి మీద, మొగుడి మీద, పత్తి ధర మీద ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. కృష్ణవేణమ్మ వినేదో లేదో ఆమెకే తెలియదు. బషీరాబీ ఎప్పుడూ 'వింటాండావా' అని అడగలేదు.

ఒక సాయంత్రం ఇద్దరూ కడవలతో పోయేసరికి కింది వరసలో మేకలు పడి మేస్తున్నాయి. సుబ్బయ్య మేకలే. కాపు లేదు. ఒకటి ముందుకాళ్లు గుంత గట్టున ఆనించి, చింతమొక్కను మొదలంటా నములుతోంది.

కృష్ణవేణమ్మ కడవ జారిపోయింది. "థూ, నీ వంశం నాశనమైపోను! యాడ దొరికిందే నీకీ తిండి? నీ కడుపు మండ! పో!" రాయి తీసి విసిరింది. ఇంకోటి విసిరింది. మేకలు అరుస్తూ చెదిరిపోయినా ఆమె నోరు ఆగలేదు. వాటిని మేపేవాణ్ని, వదిలేసినవాణ్ని, గుట్టను, పడని వానను, దేన్నీ వదలకుండా తిట్టింది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. తనకు అన్ని తిట్లు వచ్చని ఆమెకే తెలియదు.

బషీరాబీ నోరు తెరుచుకుని నిలబడి, ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. "అయ్యో అక్కా, ఆ మేక ఇంగ ఈ జన్మలో చింత ముట్టదు."

కృష్ణవేణమ్మ నవ్వలేదు. గట్టు మీద కూలబడింది. "ఆ ఎండలో ఎందుకు తవ్వినాడు బషీరా?" అంది. "పొద్దుగూకినాక తవ్వుకుంటే పోయేది గదా. గుంతలు యాడికి పోతాయి? తలకు తువ్వాల గూడా సుట్టుకోలా."

బషీరాబీ నవ్వు ఆగిపోయింది. వచ్చి పక్కన కూర్చుంది. కృష్ణవేణమ్మ అదే మాట మళ్లీ అడిగింది. మూడోసారి మాట పూర్తికాలేదు.

మర్నాడు సుబ్బయ్య బండి నిండా తుమ్మకంప వేసుకుని గుట్ట దగ్గరికి వచ్చాడు. ఆమె తిట్లు ఊళ్లోకి వినబడ్డాయో, బషీరాబీ చెప్పిందో. వదిన మొహం వైపు చూడలేదు. కంప దించి, ఒక్కో మొక్క చుట్టూ ముళ్లు పేర్చుకుంటూ పోయాడు. దారి పక్క కానుగ దగ్గరికొచ్చాక చేతులు ఆగాయి.

"ఇది బతుకుతాదంటావా వదినా?"

"ఏమో," అంది కృష్ణవేణమ్మ. "ఇంకో రెండు కంపలు ఎక్కువ వెయ్."

అతను వేశాడు. ఆమె కడవ తీసుకుని వంక వైపు దిగింది.