మాఫీ లగేజీ

చర్చలు జరిగేది ఇరవై రెండో అంతస్తులోనూ, ఇరవై నాలుగో అంతస్తులోనూ. ఫలితం ముందుగా తెలిసేది మాత్రం రెండో బేస్‌మెంటులో.

రెండంతస్తులు ఎందుకంటే, గాజాలో యుద్ధం చేసుకుంటున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. మధ్యవర్తులే కాగితం పట్టుకుని కిందికీ పైకీ తిరుగుతారు. ఆదెప్పకు ఇదేం కొత్తగా అనిపించలేదు. రాయచోటి పక్కన వాళ్ళ ఊళ్ళో అతని పెదనాయన, చిన్నాయన పదకొండేళ్ళు ఇట్లాగే ఒక బావి గురించి మాట్లాడుకున్నారు. మధ్యలో తిరిగిన బడి అయ్యవారికి రెండు జతల చెప్పులు అరిగాయి. చివరికి బావి ఎండిపోయింది, అప్పుడు రాజీ కుదిరింది.

దోహాలోని ఆ హోటలుకు కార్లు నడిపే కంపెనీలో ఆదెప్ప డ్రైవరు. చర్చలకొచ్చినవాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి తేవడం, తిరిగి దింపడం అతని డ్యూటీ. మిగతా సమయమంతా బేస్‌మెంటులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం కూడా డ్యూటీయే. పెద్దవాళ్ళు వచ్చిన రోజుల్లో సెక్యూరిటీవాళ్ళు డ్రైవర్ల ఫోన్ల కెమెరాల మీద ఎర్ర స్టిక్కరు అంటించేవారు. డ్యూటీ దిగేదాకా దాన్ని పీకకూడదు.

ఆ కుర్చీల్లో కూర్చుని కూర్చుని డ్రైవర్లు ఒక శాస్త్రం తయారుచేశారు. ఇస్త్రీకి సూట్లు పోయాయంటే వాళ్ళు ఇంకో రెండు రోజులుంటారు. సర్వీసు లిఫ్టులో పెట్టెలు దిగాయంటే చర్చలు చెడినట్టే. పెట్టెలు లేకుండా ఎయిర్‌పోర్టుకు బండి అడిగారంటే ఎవరో పెద్దమనిషి దిగుతున్నాడన్నమాట, ఆయనకు ఎదురెళ్ళి తేవడానికి పోతున్నారన్నమాట. సంతకాలు పెట్టాల్సి వస్తేనే అంత పెద్దమనిషి దిగుతాడు. టీవీవాళ్ళు ‘ఆశాజనకం’ అని చెబుతున్నప్పుడే పెట్టెలు దిగడం వీళ్ళు నాలుగుసార్లు చూశారు. నాలుగుసార్లూ బేస్‌మెంటే గెలిచింది.

తక్కిన డ్రైవర్లకు అది పొద్దుపోయే పందెం. ఆదెప్పకు కాదు. అతని భార్య గంగులమ్మ ఇజ్రాయెల్లో, అష్కెలోన్ అనే ఊళ్ళో, ఎనభై ఆరేళ్ళ ముసలామెను చూసుకునే పనిలో ఉంది. ముసలామెను ఇంట్లో అందరూ సవ్తా అంటారు. అక్కడి మాటలో అవ్వ అని. గంగులమ్మ దానికి తన తరఫున ఒక అమ్మను తగిలించి సవ్తమ్మ చేసింది. యుద్ధం మొదలైన రోజు పొద్దున ఆ సవ్తమ్మ మనవడు ఎయాల్‌ను గాజాకు ఎత్తుకుపోయారు. ఆ వారమంతా ముసలామె గంగులమ్మ మణికట్టు వదల్లేదు. పీకినా వదలని జలగలాగా పట్టుకుందని గంగులమ్మే చెప్పింది. ఆ పట్టులో ఒక మాట ఇచ్చేసింది. వాడొచ్చేదాకా నేను పోను, అని.

గంగులమ్మ కాంట్రాక్టు అయిపోయింది. ఆమెను పంపిన కంపెనీవాళ్ళు తిరుగు టికెట్టు ఇస్తామన్నారు. కూతురు సుభాషిణి, రాయచోటిలో పిన్నమ్మ ఇంట్లో ఉండి ఇంటర్ చదువుతోంది. అమ్మను చివరిసారి చూసినప్పుడు ఆ పిల్ల ఆరో తరగతి. ఆదెప్ప తిట్టాడు, బతిమాలాడు, ఒకసారి వారం రోజులు మాట్లాడలేదు. గంగులమ్మ కదల్లేదు. కాబట్టి ఆదెప్ప ఇంటికి ఆడమనిషి రావాలంటే ఇరవై రెండో అంతస్తుకూ ఇరవై నాలుగో అంతస్తుకూ పొత్తు కుదరాలి. ప్రపంచంలో ఏ మొగుడికీ ఇంతమంది పెద్దమనుషుల పంచాయతీ అవసరం పడి ఉండదు.

ఆమె రోజూ మధ్యాహ్నం రెండింటికి, ముసలామె కునుకు తీసేటప్పుడు, వీడియో చేసేది.

“ఏమయ్యా, మళ్ళా చీకట్లో కూర్చున్నావా?”

“చీకటి కాదు మే. స్టిక్కరు.”

“వారమాయె నీ మొగం చూసి. మీసం ఉండాదా, తీసేసినావా?”

“ఉండాది.”

“ఉండాదిలే, సున్నం కొట్టినట్టు.” ఆ వెంటనే, మామూలుగా అడిగేది. “పెట్టెలు?”

“దిగలా.”

“సరే, తిను పో.”

యుద్ధం రెండో వేసవి, జూలైలో ఒక బుధవారం, ఏ కారు ఎటు పోవాలో చెప్పే అబూ వాయిల్ డ్యూటీ కాగితాల అట్ట పట్టుకుని వచ్చాడు. గాజా మనిషి, అరవైకి దగ్గరపడ్డాడు. డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న హిందీలో అరబ్బీ కలిపి మాట్లాడతాడు.

“ఆదెప్పా, రసూల్. నాలుగింటికి రెండు బండ్లు, ఎయిర్‌పోర్టు. మాఫీ లగేజీ.”

లగేజీ లేదు అని. అట్ట కింద పెట్టకుండానే అతను స్తంభం అవతలికి పోయి ఫోను తీశాడు. అతని నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఆదెప్ప అంతకుముందు ఎన్నడూ వినలేదు.

రసూల్ కుర్చీలోంచి లేచాడు. జగిత్యాల పిల్లగాడు, ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో ఆదెప్ప రూమ్మేటు. “అన్నా, ఇన్నవా? మాఫీ లగేజీ అంటున్నడు. పెద్ద సారెవడో దిగుతుండు. సంతకమే ఇగ.”

“చూద్దాంలే.”

“ఏం చూసుడే. నాలుగుసార్లు మనమేగదా కరెక్టు చెప్పింది. వదినెకు ఫోన్ కొట్టరాదు.”

“అది కొడతాదిలే, రెండింటికి.”

చెప్పకూడదనే అనుకున్నాడు. స్టీరింగు తుడిచాడు, మళ్ళీ తుడిచాడు. రెండింటికి ఫోను మోగింది. ‘పెట్టెలు?’ అని ఆమె అడగకముందే నోరు జారింది.

“మాఫీ లగేజీ అంట మే. ఈసారి అయినట్టే ఉండాది.”

తెర మీద గంగులమ్మ ముఖం కదల్లేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకున్నాడు.

“ఖాయమా?” అంది.

“బేస్‌మెంటు ఎప్పుడూ తప్పలా.”

“అయితే సవ్తమ్మను లేపుతా.”

“నాలుగు కానీ, మళ్ళా చెప్దువు.”

“ముసలిదానికి నాలుగుదాకా ఓపిక యాడిది? లేపుతా.”

నాలుగింటికి నలుగురు మనుషులు వట్టి చేతులతో దిగారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. సంతకానికి పోయేవాళ్ళు కొంచెం గంభీరంగానే ఉంటారులే అనుకున్నాడు ఆదెప్ప. బయట నలభై ఆరు డిగ్రీలు. సముద్రం పక్కనుండే కార్నిష్ రోడ్డు దాటేదాకా వెనక సీట్లో మనిషి కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎయిర్‌పోర్టు రోడ్డు రెండుగా చీలే చోట, అరైవల్ వైపు ఇండికేటరు వేశాడు ఆదెప్ప.

“డిపార్చర్,” అన్నాడు ముందు సీట్లో కూర్చున్న సెక్యూరిటీ మనిషి.

ఆదెప్ప ఇండికేటరు మార్చాడు. అంతే. బ్రేకు కూడా వేయలేదు. మంచి డ్రైవరు.

పెట్టెలు పొద్దున ఐదింటికే లాండ్రీ వ్యానులో పోయాయని తిరిగొచ్చాక రసూల్ కనుక్కున్నాడు. కిందటిసారి ఎవరో టీవీ కుర్రాడు పెట్టెలున్న ట్రాలీని గేటు దగ్గర వీడియో తీశాడట. మధ్యవర్తులు మర్యాదగా ఒక ప్రకటన రాసుకునేలోపే చర్చలు చెడ్డాయని ప్రపంచమంతా పాకిందట. అందుకని ఇకమీదట పెట్టెలు వేరే, మనుషులు వేరే. బేస్‌మెంటు శాస్త్రం బయటివాళ్ళకు కూడా వచ్చేసింది, దాంతో పనికిరాకుండా పోయింది.

అబూ వాయిల్ స్తంభం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అట్ట ఒళ్ళో ఉంది.

“నాకు లగేజీ లేదని మాత్రమే చెప్పారు,” అన్నాడు. “నేను మా తమ్ముడికి ఫోన్ చేసేశాను.”

ఆదెప్ప నిలబడ్డాడు.

“వాళ్ళు డేరాలో ఉన్నారు. ఏడుసార్లు మారారు. ఇప్పుడు పిల్లలు పరుపులు చుట్టేశారట. ఇంటికి పోదాం అని. మళ్ళీ పరవమంటే చిన్నది పరవనివ్వడం లేదట. చుట్టిన దాని మీదే కూర్చుంది.” అట్ట మీద ఏదో గీత కొట్టాడు. “నువ్వెవరికైనా చెప్పావా?”

భార్య ఎక్కడ పనిచేస్తోందని చేరిన కొత్తలోనే అబూ వాయిల్ అడిగాడు. జోర్డాన్‌లో అన్నాడు ఆదెప్ప. గాజా మనిషికి ఇజ్రాయెల్ అని చెప్పడానికి నోరు రాలేదు. ఒకసారి జోర్డాన్ అన్నాక ఇక జోర్డానే. అక్కడ చలెట్లా ఉంది, ఉల్లిగడ్డ ధరెంత అని అబూ వాయిల్ అప్పుడప్పుడూ అడిగేవాడు. ఆదెప్ప తోచింది చెప్పేవాడు.

“నేనా? లేదు,” అన్నాడు. “ఎవరికీ చెప్పలేదు.”

“మంచి పని చేశావు,” అన్నాడు అబూ వాయిల్.

ఆరింటికి గంగులమ్మ ఫోను చేసింది. వీడియో కాదు, మాట మాత్రమే.

“సవ్తమ్మ దుప్పట్లు ఉతికిచ్చింది. వాని మంచం పరిపిచ్చింది. పక్కింటామెతో తలకు రంగు ఏపిచ్చుకునింది, ముసలిదాన్నయిపోయినా అనుకుంటాడేమో అని.”

“నేను అనుకోలా మే...”

“నిన్నేమీ అనడంల్యా.” ఆమె గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండునని ఆదెప్పకు అనిపించింది. “దుప్పటి తీసేద్దామా అంటే వద్దనింది. ఉండనీ, అనింది. ఇంక పెట్టెల సంగతి నాకు చెప్పాకయ్యా.”

ఆ తరువాత ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఉప్మా గురించి, సుభాషిణి మార్కుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆగస్టులో చర్చలు జరిగాయో లేదో ఆదెప్ప గమనించలేదు. బండి తీశాడు, బండి పెట్టాడు. వెనక సీట్లో ఎవరు కూర్చున్నా ఒకటే అయింది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం దోహాలోనే బాంబులు పడ్డాయి, చర్చల్లో ఒక పక్షంవాళ్ళ నాయకులున్న చోట. కిటికీలు అదిరాయి. ఐదు నిమిషాలకు గంగులమ్మ ఫోను.

“బతికుండావా?”

“ఉండా.”

“సైరను ఇనపడిందా?”

“ఈడ సైరన్లు యాడివి మే, మనకలవాటు లేదు.”

“గోడవారగా కూర్చో. కిటికీ కాడికి పోవాక.” రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి సలహా. ఆదెప్ప బుద్ధిగా గోడవారగా కూర్చున్నాడు.

అక్టోబరులో సంధి కుదిరింది. దోహాలో కాదు, ఈజిప్టులో. రెండో బేస్‌మెంటులో డ్రైవర్లందరూ ఆ వార్తను ఫోన్లలోనే చూశారు. “మనకాడ రెండేండ్లు చాయ్ తాగి, సంతకం ఆడ వెట్టిండ్రు,” అన్నాడు రసూల్. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. డ్యూటీ షీటు వచ్చింది.

బతికున్న బందీలు వచ్చేశారు. ఆ రోజు ఆదెప్ప ఫోను వంక చూస్తూనే ఉన్నాడు, అది మోగలేదు. అతనూ చేయలేదు. మర్నాడు రెండింటికి మోగింది.

“ఎయాలు పేరు రెండో పట్టీలో ఉండాది,” అంది గంగులమ్మ.

“రెండోదంటే?”

“బతికి లేనోళ్ళది. మొదటి నెలలోనే పోయినాడంట. మనిషిని తెచ్చిస్తామన్నారు. ఎప్పుడో చెప్పలా.”

ఆదెప్పకు లెక్క తేలడానికి కొంత సమయం పట్టింది. ఈ రెండేళ్ళూ ఆ కుర్చీలో తాను ఎదురుచూసింది లేని మనిషి కోసం.

“అయితే నువ్వు...” అన్నాడు.

“వాడొచ్చేదాకా అంటినయ్యా.”

“మే, సుభాషిణికి...”

“తెలుసు. నాకు నోరు రాదు. నువ్వే చెప్పు.” బయట ఏదో బండి పోయిన చప్పుడు, ఆమె వైపో అతని వైపో. “ముసలిది నిన్నటి నుంచి ముద్ద ముట్టలా. ఇప్పుడు పెట్టి చూస్తా. నువ్వు ఫోను పెట్టేయాక. మాట్లాడనక్కర్లా. ఈ ఇంట్లో ఇంకో మనిషి సద్దుంటే చాలు.”

ఆదెప్ప స్పీకరు పెట్టి ఫోనును పక్క కుర్చీలో ఉంచాడు. గిన్నెల చప్పుడు. గంగులమ్మ ఏదో అంటోంది, వాళ్ళ భాషలోనే, మధ్యలో ‘కొంచెమే’ అని తెలుగులో. ఆ తరువాత ముసలి గొంతు, సన్నగా, ఆగి ఆగి.

తల ఎత్తేసరికి అబూ వాయిల్ టీ గ్లాసులు రెండు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫోను తీసేయాలని ఆదెప్ప చేయి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. పెట్టేయనని మాటిచ్చినట్టే కదా.

అబూ వాయిల్ ఒక గ్లాసు అతనికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. “ఈ భాష నాకు వచ్చు,” అన్నాడు. “పద్దెనిమిదేళ్ళు వాళ్ళ ఇళ్ళల్లో టైల్స్ వేశాను.”

“నా భార్య,” అన్నాడు ఆదెప్ప. “అక్కడే ముసలామెను చూసుకుంటుంది. మనవడు... రెండో పట్టీలో వచ్చాడు.”

“ఏ ఊరు?”

“అష్కెలోన్.”

అబూ వాయిల్ టీ ఊదుకున్నాడు. “మా నాన్న పుట్టిన ఊరు. ఇజ్రాయెల్ ఏర్పడకముందు దాని పేరు వేరే.” ఒక గుటక తాగాడు. “మా తమ్ముడు నిన్న ఇంటికి చేరాడు. మూడు మెట్లున్నాయట. వాటి పైన ఏమీ లేదట. మెట్ల మీద కూర్చుని ఫొటో పంపాడు.”

జోర్డాన్ చలి గురించి అబూ వాయిల్ అడగలేదు.

కుర్చీలో ఫోనులోంచి ముసలి గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం గట్టిగా, ఫిర్యాదులాగా.

“ఏమంటోంది?” అడిగాడు ఆదెప్ప.

అబూ వాయిల్ ముందుకు వంగి, చెవి ఫోను దగ్గర పెట్టాడు.

“ఉప్పు ఎక్కువైంది అంటోంది.”

ఆదెప్ప ఫోను వాల్యూము పెంచాడు.

“అంటే తింటోంది,” అన్నాడు అబూ వాయిల్.