చివర రెండు సున్నాలు

ఆ వారం రెండో తరగతి పాఠం, తప్పిపోతే ఏం చేయాలి. ఉన్నచోటే ఆగాలి. ఏడుపొస్తే ఏడవచ్చు గానీ కదలకుండా ఏడవాలి. దగ్గర్లో ఉన్న షాపువాళ్ళకి ఇంటి ఫోన్ నెంబరు చెప్పాలి. మొదటి రెండూ పిల్లలకి చిటికెలో వచ్చేశాయి. ఏడవడం వాళ్ళకి ఒకరు నేర్పాలా? నెంబరు దగ్గరే బండి ఆగిపోయింది. ఒకడు తమ ఇంటి తలుపు మీది అంకె చెప్పాడు. ఇంకొకడు నాన్న స్కూటరు నెంబరు మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు. ఇంట్లో అందరూ బుడంకాయ్ అని పిలిచే బొద్దు పిల్ల లేచి, "నాన్న ఫోన్లో అమ్మ ఫొటో నొక్కితే అమ్మ వస్తుంది టీచర్, నెంబరెందుకు?" అంది.

టీచరుకి విసుగొచ్చింది. ఆవిడకి విసుగు రావడమూ త్వరే, పోవడమూ త్వరే. నమూనాకి ఏదో ఒక నెంబరు కావాలి గదా అని బోర్డు మీద తన సొంత నెంబరు రాసేసి, ఎక్కాల రాగంలో చెప్పించడం మొదలుపెట్టింది. దాని చివర రెండు సున్నాలున్నాయి. అక్కడికొచ్చేసరికి పిల్లలు రెండు చప్పట్లు కొట్టి, పైకప్పు ఎగిరిపోయేలా "సున్నా, సున్నా" అని అరిచేవారు. పక్క క్లాసు మాస్టారు రెండుసార్లు తలుపు దగ్గరకొచ్చి గుర్రుగా చూసి వెళ్ళాడు. వారం తిరిగేసరికి క్లాసంతటికీ ఆ నెంబరు కంఠతా వచ్చింది. ఇక బోర్డు తుడిచి, ఎవరింటి నెంబరు వాళ్ళకి నేర్పడమే మిగిలింది.

ఈలోగా ఫోన్ మోగింది.

టీచరు ఉండేది ఒక టైలరు షాపు పైన రెండు గదుల్లో. భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలు కలగలేదు. ఉన్న ఒక్క అక్కకీ చెవులు వినపడవు కాబట్టి ఫోన్లో మాట్లాడేదేమీ లేదు. ఆ ఇంట్లో ఆవిడ నోరు విప్పేది, కూరలో ఉప్పెక్కువైందని తనని తాను తిట్టుకోవడానికే. అలాంటిది, సాయంత్రం పూట ఫోన్ మోగేసరికి ఏ లోను ఇచ్చేవాళ్ళో అనుకుని మొహం చిట్లించుకునే ఎత్తింది.

"ఎవరండీ?"

అటునుంచి ఊపిరి. తర్వాత కిసుక్కున నవ్వు. "నేనే టీచర్."

"నేనంటే?"

"నేనే." ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఇంకొకరు. వాళ్ళ పిల్లి పరుపు మీద కక్కిందట, ఆ సంగతి చెప్పడానికి. ఆ తర్వాత బుడంకాయ్. "టీచర్, మీరు ఇంట్లో కూడా టీచరేనా?"

"అవునే."

"మరి ఎవరికి చెప్తారు పాఠం?"

"గోడలకి."

"అవి బాగా చదువుతాయా?"

"అల్లరైతే చెయ్యవు," అంది టీచరు. ఫోన్ పెట్టాక చాలాసేపు నవ్వుకుంది. నవ్వు ఆగాక గది మరీ ఖాళీగా అనిపించింది.

సోమవారం డస్టరు చేతిలోకి తీసుకుంది. పిల్లలు అరుపుకి సిద్ధంగా చేతులెత్తి చూస్తున్నారు. "ఇంకా సరిగ్గా రాలేదు, మళ్ళీ చెప్పండి," అని డస్టరు బల్ల మీద పెట్టేసింది. అది శుద్ధ అబద్ధం. వాళ్ళకి నిద్రలో లేపి అడిగినా వచ్చు. నెంబరు తుడిచేస్తే ఫోన్ మోగదు, అంతే సంగతి. ఆ మాట ఒప్పుకోడానికి సిగ్గేసింది ఆవిడకి. సిగ్గేసినా తుడవలేదు. సాయంత్రాలు ఫోన్‌ని వంటగట్టు మీదే పెట్టుకుని వంట చేసేది.

ఆ ఆదివారం చీకటి పడే వేళ ఫోన్ మోగింది. ఎవరో మగమనిషి గొంతు. "అమ్మా, మీ పాప బజార్లో తప్పిపోయినట్టుంది, మా మందుల షాపు దగ్గరుంది. ఏడుస్తోంది గానీ కదలట్లేదు. మీరు కంగారుపడకుండా వచ్చి తీసుకెళ్ళండి."

మీ పాప. ఆవిడతో ఈ జన్మలో ఎవరూ అనని మాట అది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. షాపు ఎక్కడో కనుక్కుని, "వస్తున్నానండీ, అక్కడే ఉంచండి," అంది.

సగం దారిలో ఆవిడకి తట్టింది. ఇదే బజార్లో ఎక్కడో ఒక తల్లి పిచ్చిదానిలా వెతుకుతూ ఉంటుంది. ఆమె చేతిలో ఫోన్ ఉంటుంది. మోగదు. మోగాల్సిన ఫోన్ ఇక్కడ మోగింది.

షాపు ముందు, బరువు చూసే మిషను పక్కన, ముక్కు కారుతూ నిలబడి ఉంది బుడంకాయ్. "నేను కదల్లేదు టీచర్. నెంబరు చప్పట్లతో సహా చెప్పాను."

"మీ పాప కాదా అమ్మా?" అన్నాడు షాపాయన.

"మా క్లాసు పిల్లండీ."

వాళ్ళమ్మ నెంబరు టీచరుకీ తెలియదు. అది బడి రిజిస్టర్లో ఉంది, బడికి తాళం ఉంది. పిల్ల అప్పుడు చేసిన నెంబరు తన ఫోన్లో ఉండేదేమో, దాన్ని కంగారులో వంటగట్టు మీదే వదిలేసి వచ్చింది. ఇక తను చెప్పిన పాఠమే తనకి గతి అయింది. పిల్ల చెయ్యి పట్టుకుని, ఉన్నచోటే, కదలకుండా నిలబడింది. చుట్టుపక్కల షట్టర్లు ఒక్కొక్కటీ దిగుతుంటే ఆవిడకి ప్రాణం కొట్టుకుపోయింది.

చివరికి వచ్చింది తల్లి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని. పిల్లకి ఒక్కటిచ్చి, వెంటనే గుండెకి హత్తుకుంది. "ఇంటి నెంబరు చెప్పాలని తెలీదుటే?"

"చెప్పానమ్మా. టీచరొచ్చారు."

తల్లి రెండు చేతులూ జోడించింది. "మీరు లేకపోతే ఏమైపోయేదో టీచర్ గారూ."

"నేను లేకపోతే ఫోన్ మీకే వచ్చేదమ్మా," అంది టీచరు. "తప్పు నాది."

ఆ తల్లికి వినే ఓపిక లేదు. పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు టీచరు బోర్డు తుడిచింది. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి నెంబరుకి వాళ్ళ రాగం కట్టింది. "మా నెంబర్లో సున్నాలే లేవు టీచర్," అని బుడంకాయ్ మూతి ముడుచుకుంది. ఫోన్ కొన్నాళ్ళు అప్పుడప్పుడూ మోగింది. తర్వాత మోగడం మానేసింది. అయినా అది వంటగట్టు మీదే ఉండేది.

సెలవుల ముందు నోటి పరీక్ష పెట్టారు. బుడంకాయ్ తమ ఇంటి నెంబరు గడగడా చెప్పేసింది. అక్కడితో ఊరుకోవాలి టీచరు. ఊరుకోలేకపోయింది.

"మరి నా నెంబరు?" అని మెల్లిగా అడిగింది.

బుడంకాయ్ పైకప్పు కేసి చూసింది. పెదవులు కదిపింది. చేతులెత్తి రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయింది. "ఇదొక్కటే ఉంది టీచర్. మిగతాది పోయింది."

"మంచిది తల్లీ," అంది టీచరు. పదికి పది వేసి, తర్వాతి పిల్లని పిలిచింది.